పిచ్చాసుపత్రిలో డబుల్ బెడ్‌రూమ్

మొత్తానికి లండన్ ఫ్లాట్లు మన స్టార్ హోటళ్లలో అమ్మకానికొచ్చాయి. బ్రోషరు మీకూ వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. ఎర్ర ఇటుకల మేడ, గడియారం బురుజు, కనుచూపుమేర పచ్చిక, కింద ‘విక్టోరియన్ వారసత్వ జీవనం’ అని బంగారు అక్షరాలు. విక్టోరియా కాలంలో ఆ జీవనం ఎవరు గడిపారో మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.

నేను చెబుతాను. పిచ్చివాళ్లు. అంటే ఆ కాలం లెక్కలో పిచ్చివాళ్లు: మతి చలించినవాళ్లు, మూర్ఛరోగులు, కాన్పయ్యాక కుంగిపోయిన బాలింతలు, మతిమరుపు ముదిరిన ముసలివాళ్లు, ఇంట్లో ఎవరికీ అక్కర్లేనివాళ్లు. 1950ల నడుమ ఇంగ్లండులో వీళ్లను ఉంచే పిచ్చాసుపత్రుల్లో సుమారు లక్షన్నర మంచాలుండేవి.

ఉత్తర లండన్లో కోల్నీ హాచ్ అని ఒకటి. మనకు ఎర్రగడ్డ ఎలాగో వాళ్లకు ఆ పేరు అలాగ. 1849లో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ శంకుస్థాపన చేశాడు. 1851లో తెరిచారు, తర్వాత ఫ్రయర్న్ హాస్పిటల్ అన్నారు, 1993లో మూసేశారు. ఇప్పుడది ప్రిన్సెస్ పార్క్ మేనర్. 1903 జనవరిలో అక్కడ చెక్కతో, రేకులతో కట్టిన తాత్కాలిక వార్డు అంటుకుని యాభైమందికి పైగా ఆడవాళ్లు లోపలే పోయారు. వాళ్లలో ప్రిన్సెస్ ఎవరైనా ఉన్నట్టు నేను చదవలేదు.

క్లేబరీ ఆసుపత్రి కథ ఇంకా ముచ్చటైంది. 1893లో తెరిచిన ఆ పిచ్చాసుపత్రి ఇప్పుడు రెప్టన్ పార్క్. ఎవరీ రెప్టన్? 1791లో, ఆసుపత్రి ఊహలో కూడా లేనప్పుడు, ఆ ఎస్టేటును తీర్చిదిద్దిన తోటల నిపుణుడు. అంటే పేరు కోసం వెనక్కి నడుస్తూ వంద సంవత్సరాల రోగుల్ని ఒక్క గంతులో దాటేసి తోటమాలి దగ్గర ఆగారు! రోగులు ప్రార్థన చేసుకున్న చాపెల్లో ఈతకొలను పెట్టారు.

బ్రోషరు భాష చూడండి. ఎత్తయిన సీలింగులట. ఒకే హాల్లో వరసగా వేసిన డజన్ల కొద్దీ మంచాల మధ్య గాలి ఆడాలని కట్టిన ఎత్తు అది. సొగసైన పొడవాటి కిటికీలట. తల కూడా దూరనంత మాత్రమే తెరుచుకునేలా బిగించిన కిటికీలవి. విశాలమైన తోటలట. రోగుల చేత దున్నించి, కూరగాయలు పండించి, పాలు పితికించిన పొలాలు.

అన్నిట్లోకీ నన్ను ముగ్ధుణ్ణి చేసింది ‘అడ్డులేని దృశ్యం’. ఆసుపత్రి చుట్టూ ఎత్తుగోడ కడితే జైలులా ఉంటుంది, దారిన పోయే పెద్దమనుషుల కంటికి నదరుగా ఉండదు. కట్టకపోతే రోగి పారిపోతాడు. అందుకని లోపలివైపు నేలను ఏటవాలుగా తవ్వి, ఆ కందకంలో గోడ నిలబెట్టారు. బయటివాడికి అది మోకాలెత్తు పిట్టగోడ. లోపలినుంచి దిగి చూసినవాడికి ఎక్కలేని గోడ. మేడ దగ్గర కూర్చున్న రోగికి అవతలి పొలాలూ, చెట్లూ, దారీ అన్నీ కనిపిస్తాయి, వెళ్లడానికే లేదు.

ఈ ఏర్పాటును ఇంగ్లీషులో ‘హా హా’ అంటారు. నేను పెట్టిన పేరు కాదు, నిజంగా అదే.

మనిషి పారిపోకుండా పన్నిన ఎత్తును చదరపు అడుగుకింతని రేటు కట్టి అమ్ముతున్నారు. ఆ లెక్కన చంచల్‌గూడ జైలు మంచి గేటెడ్ కమ్యూనిటీ. ఒకటే గేటు, రాత్రింబవళ్లు కాపలా, సేల్స్‌మేన్ల బెడద అసలే లేదు.

మూసెయ్యడం తప్పని నేననను. ఆ గోడల వెనక జరిగిన ఘోరాలు తక్కువేం కావు. 1961లో ఆరోగ్యమంత్రి ఎనాక్ పవెల్ వీటికి రోజులు చెల్లాయని ప్రసంగించినప్పుడు చెప్పిన కారణాలు చాలామట్టుకు సరైనవే. రోగిని ఊళ్లో, మనుషుల మధ్య చూసుకుంటామన్నారు. మంచాలు తీసేశారు. భూములు అమ్ముకున్నారు. చూసుకోవడానికి కావలసిన డబ్బు మాత్రం ఏనాడూ చాలినంత పెట్టలేదు. ఇవాళ అక్కడ మతి చెదిరిన కుర్రాడికి సొంత జిల్లాలో మంచం దొరక్క వంద మైళ్లు దాటి కూడా పంపుతున్నారు. పాత వార్డు కిటికీ మార్చాలంటే మాత్రం కౌన్సిల్ అనుమతి కావాలి, అది రక్షిత కట్టడం! యార్క్‌షైర్‌లో హై రాయ్డ్స్ ఆసుపత్రిని 2003లో మూసి ఇళ్లు చేశారు. అక్కడ పోయిన రోగులు 2,000 మందికి పైగా దగ్గర్లోని శ్మశానంలో పేరు చెక్కని గోతుల్లో ఉన్నారు. వాళ్ల ఊసెత్తకండి, సరే. వారసత్వం అనే మాటనైనా వదిలెయ్యొచ్చుగా. సిగ్గుండక్కర్లా?

మామూలు ఆసుపత్రులకూ ఇదే గతి. లండన్లో హైడ్ పార్క్ కార్నర్‌లోని సెయింట్ జార్జెస్‌ ఆసుపత్రి 1733లో బీద రోగుల కోసం చందాలతో మొదలైంది. చందాదారు రాసిచ్చిన సిఫార్సు చీటీతో వస్తే బీదవాణ్ణి చేర్చుకునేవారు. 1980లో మూతపడ్డ ఆ భవనం 1991లో లేన్స్‌బరో హోటలయింది. గదిగదికీ బట్లరట. ఇప్పుడు ఏ చీటీ తేవాలో మీకు తెలుసు. మిడిల్‌సెక్స్ ఆసుపత్రిని కూల్చి చాపెల్‌ను మిగిల్చారు, అక్కడ పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. బెడ్లం పిచ్చాసుపత్రి పాత భవనంలోకి 1936లో యుద్ధ మ్యూజియం వచ్చింది. ఆ ఒక్కదానికి నాకు అభ్యంతరం లేదు.

ఇక మనవాళ్ల సంగతి. అరవైల్లో, డెబ్బైల్లో విశాఖ, గుంటూరు, కాకినాడ కాలేజీల్లో చదివి విమానమెక్కిన డాక్టర్లకు అక్కడ ఎర్ర తివాచీలేమీ పరవలేదు. తెల్ల డాక్టర్లు పెద్దగా ఇష్టపడని ముసలివాళ్ల వార్డులూ, పిచ్చాసుపత్రులూ వాళ్లలో చాలామందికి దక్కాయి. ఈ మేడల్ని రాత్రిపూట చలిలో కాపాడుకొచ్చిన చేతుల్లో మన చేతులూ ఉన్నాయి. ఇప్పుడు వాళ్ల మేనల్లుళ్లు స్టార్ హోటల్లో బిర్యానీ తిని, అలాంటి వార్డులకే అడ్వాన్సులిచ్చి వస్తున్నారు.

అలా ఇచ్చొచ్చిన మా అన్నయ్యగారబ్బాయికి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. కుర్రాడు బుద్ధిమంతుడు, మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

“అయితే బాబాయ్, ఆ వార్డులో ఈశాన్యం ఎటొస్తుందంటావ్?” అన్నాడు.