‘డబ్బా ఆపి మళ్లా ఎయ్’: టీకా తాత్పర్యాలు

మూలము: నెట్టు రాల్యా. డబ్బా ఆపి మళ్లా ఎయ్.

టీక: నెట్టు = ఇంటర్నెట్; రాల్యా = రాలేదు; డబ్బా = గోడనంటియున్న పెట్టె; ఆపి = స్విచ్చి ఆర్పి; మళ్లా = తిరిగి; ఎయ్ = వేయుము. కర్త అధ్యాహారము: ఇంట్లో అందరికన్నా చిన్నవాడు.

తాత్పర్యము: ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే అంటూ కరెంటు స్తంభాల మీదుగా తీగ వచ్చాక, కర్నూలు, కడప ఇళ్లలో ఈ విధివాక్యానికి ప్రచారం పెరిగింది. చూపుకు పెట్టె ఒకటే, లోపల కాపురముండేవి నాలుగు వృత్తులు. ఓఎన్‌టీ గాజుపోగులో వచ్చే, కంటికి కనబడని వెలుగును విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. రౌటర్ బయటినుంచి దొరికిన ఒక్క చిరునామాను ఇంటిల్లిపాదికీ పంచుతుంది. ఫోనుకూ టీవీకీ 192.168తో మొదలయ్యే లోచిరునామాలిచ్చి, ఎవరి జవాబు వారికి చేరుస్తుంది. స్విచ్, పెట్టె వెనకనున్న కేబుల్ రంధ్రాలను కలుపుతుంది. గాలిలోకి పంపేది యాక్సెస్ పాయింట్. జనం వైఫై అనేది దీన్నే. పేరంతా దీనికి, తిట్లన్నీ రౌటర్‌కు.

అన్నీ ఒకే పెట్టెలో ఉండగా ఈ విభజన కోడిగుడ్డుకు ఈకలు పీకడం కాదా అని పూర్వపక్షం. కాదు. పనులు వేరు గనుక చెడడమూ విడివిడిగానే చెడతాయి. ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా వెలిగితే వెలుగు పెట్టెదాకా రావడం లేదని అర్థం. తీగ ఎక్కడో తెగింది, లేదా వంగి దెబ్బతింది. నూరుసార్లు ఆపి వేసినా అది అతకదు. అదే దీపాలన్నీ పచ్చగా ఉండి, పడకగదిలో ఫోను మాత్రమే నెమ్మదిస్తే, చూడవలసింది మన పాత మిద్దెల రాతిగోడలను. 5 గిగాహెర్ట్జ్ వైఫైలో డేటా వేగమెక్కువ, గోడ దాటే శక్తి 2.4 గిగాహెర్ట్జ్ కన్నా తక్కువ. అప్పుడు పెద్ద ప్లాను కొనడమంటే, కె.సి. కాలువ చివరి తూములో పూడిక పెట్టుకొని ఎగువన సుంకేసుల బ్యారేజీ గేట్లెత్తమనడమే.

‘ఆపి వేస్తే వచ్చింది కదా’ అనే అనుభవవాదులున్నారు. నిజమే: తికమకపడ్డ రౌటర్ పాత లెక్కలు మరచి కొత్తగా మొదలుపెడుతుంది. ఆ మందు ఆ జబ్బుకే. మరికొందరు వెనకగదిలో పాత రౌటర్ తగిలిస్తారు. ఇల్లొకటి, పెత్తనాలు రెండు! ముందుగదిలోని ఫోనుకు వెనకగదిలోని ప్రింటరు కనబడకుండా పోతుంది. రెండవదాన్ని యాక్సెస్ పాయింట్‌గా మార్చి, చిరునామాలు పంచే పని మాన్పించి, కేబుల్‌తో కలిపితే చాలు. అంతకన్నా ముందు, ఖర్చులేని పని ఒకటుంది: టీవీ వెనక దాచిన పెట్టెను ఇంటి నడుమ ఎత్తుగా తగిలించండి. ప్లాను సంగతి ఆ తర్వాత చూడవచ్చు.