మంటకు మూడు ప్రతులు

మా అపార్ట్‌మెంటు మెట్ల కింద నాలుగు ఎర్ర బకెట్లున్నాయి. ఇసుక ఉండాల్సిన చోట ఒకదాంట్లో అగరువత్తి పుల్లలు, ఒకదాంట్లో గుట్కా ఉమ్ములు, ఇంకోదాంట్లో ఎవరిదో ఒంటి చెప్పు. నాలుగోదాంట్లో మాత్రం నిజంగా ఇసుకే ఉంది. అయితే అందులో పిల్లి ఈనింది కనుక దాన్ని కదపరాదని మూడో అంతస్తు మామ్మగారి ఆజ్ఞ. పైన మేకుకు వేలాడే సిలిండర్ మెడలో ఒక చీటీ ఉంది. నింపిన తేదీ, మళ్లీ నింపాల్సిన తేదీ. ఆ రెండో తేదీ దాటి నాలుగు ఎండాకాలాలైంది. నీళ్ల గొట్టం ఉండాల్సిన అద్దాల పెట్టెలో వాచ్‌మన్ దువ్వెన, సబ్బుపెట్టె, ఊడొచ్చిన ప్లగ్గుతో ఫోన్ ఛార్జరు. భవనం మొత్తంలో ఎప్పుడైనా నిప్పు పుడితే ఆ పెట్టెలోనే పుడుతుందని నా గట్టి నమ్మకం.

కాచిగూడ చౌరస్తా నుంచి నింబోలిఅడ్డ వైపు వెళ్లే సందుల్లో ఒకదాంట్లో ఉంటాం. నివాస భవనం 18 మీటర్ల ఎత్తు చేరితే అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ కావాలంటుంది చట్టం. మా బిల్డర్ దానికి జానెడు కిందనే ఆపేశాడు. మంట కూడా టేపు పట్టుకుని కొలుచుకుంటూ వస్తుందని ఆయన లెక్క కాబోలు.

మొన్న ఆదివారం సంఘం మీటింగులో ఎవరో ఫోన్‌లో చదివారు. ఫైర్ సర్వీసుల కోసం కేంద్రం 5,000 కోట్లు పెట్టిందట. అంతే, అందరి కళ్లూ మెరిశాయి. అంత డబ్బులో మన సిలిండర్లు ఆరు నింపడానికి ఒక చిటికెడు రాదా? ఒక అర్జీ పడేద్దాం అన్నారు. పేపరులో రాస్తాడు కదా అని అర్జీ నా నెత్తిన పడింది.

ఐదో అంతస్తులో ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్ సార్ ఉన్నారు. ముప్పై ఒక్క ఏళ్లు ఒక ఆఫీసులో గ్రాంట్స్ సెక్షన్ చూశారు. ఆ ఆఫీసు పేరు ఆయన రోజుకు పదిసార్లు చెబుతారు, నేను ఒక్కసారీ చెప్పను. తెల్లవారుజామున ఆయన స్కూటర్ మీద తిలక్‌నగర్, విద్యానగర్, అడిక్‌మెట్ మీదుగా ఉస్మానియా క్యాంపస్‌కు నడకకు వెళతారు. నడకకు స్కూటర్ మీద ఎందుకని అడగకూడదు. నేనూ వెనక సీటు మీద కూర్చుని వెళ్లాను, జేబులో చిత్తుప్రతితో.

1939లో తలుపులు తెరిచిన ఆర్ట్స్ కాలేజీ ఎదుట చెట్ల కింద నిలబడి ఆయన నా కాగితం చదివారు. చదువుతున్నంతసేపూ వచ్చే నవ్వును మీసం కింద దాచుకున్నారు.

"తమ్మీ, ఇది మనకు రాదు. అపార్ట్‌మెంటోళ్లు అడిగేది కాదు. అడగాల్సింది రాష్ట్రం, ఇయ్యాల్సింది కేంద్రం. నడుమ నువ్వెవ్వరు?"

"కాలిపోయేవాణ్ణి సార్."

"ఆ కాలమ్ ఫారంల లేదు."

తర్వాత తార్నాకలో చాయ్ తాగుతూ ఆ పథకం పూర్వోత్తరాలు విప్పారు. 15వ ఆర్థిక సంఘం నివేదిక 2021 ఫిబ్రవరి 1న పార్లమెంటు ముందుకొచ్చింది. ఫైర్ సర్వీసుల విస్తరణకు, ఆధునికీకరణకు 5,000 కోట్లు పక్కన పెట్టమంది. ఆ సంఘం మాట చెల్లే కాలం 2021 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా. మరి రాష్ట్రాలు ప్రతిపాదనలు పంపుకోవడానికి పథకం మొదలైంది ఎప్పుడు? 2023 జూలై 4న.

"లెక్కేస్కో. అరవై నెలల గ్రాంటు. అండ్ల ఇరవై ఏడు నెలలు ఎట్ల అడగాలె అని చెప్పనీకే పోయినయ్."

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అని వెక్కిరించేవారు మన పెద్దలు. ఆ సామెత చెప్పినాయన అమాయకుడు. బావి తవ్వాలంటే ముందు డీపీఆర్, అంటే సవివర ప్రాజెక్టు నివేదిక, రాయాలి, డీపీఆర్‌కు కన్సల్టెంటును పెట్టాలి, కన్సల్టెంటు కోసం టెండరు పిలవాలి. పలుగు పట్టుకుని పరుగెత్తిన ఆ పూర్వీకుడు ఇవాళ ఆడిట్ అభ్యంతరంలో ఇరుక్కునేవాడు.

పైగా ఈ గ్రాంటు ఊరికే రాదు. రాష్ట్రం తన వాటాగా ఇరవై ఐదు శాతం వేసుకోవాలి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకైతే పది. మొత్తం సొమ్ములో 500 కోట్లు వేరే మూటగట్టి, చట్టాలు సంస్కరించుకున్న రాష్ట్రాలకు బహుమానంగా ఉంచారు. 2019 సెప్టెంబరులో ఒక నమూనా బిల్లు కూడా రాసి రాష్ట్రాలకు పంపారు. మనం ఇప్పటికీ ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1999 నాటి చట్టం కింద నడుస్తున్నాం. చట్టం పాతదైతే ఏం, మంటా పాతదేగా అంటారు సార్.

అన్నిటికన్నా ఆయనకు ప్రాణం యూసీ. యుటిలైజేషన్ సర్టిఫికెట్. ఆ పేరు పలికేటప్పుడు ఆయన గొంతులో భక్తి వినిపిస్తుంది. ఇచ్చిన డబ్బును ఇచ్చిన పనికే ఖర్చుపెట్టామని రాసిచ్చే కాగితం. రాష్ట్రాలకైతే జీఎఫ్ఆర్ 12-సి ఫారం, సంస్థలకైతే 12-ఎ. మొదటి విడత యూసీ వెళ్లనిదే రెండో విడత కదలదు. మొదటి విడత ఖర్చు కావాలంటే ఫైరింజన్ రావాలి, అది రావాలంటే టెండరు తెగాలి, టెండరు తెగేసరికి మార్చి 31 వస్తుంది. ఆ రోజు రాత్రి పదకొండు గంటలకు సెక్షన్‌లో ఉండే వేడి ఏ గోదాములోనూ ఉండదని ఆయన అనుభవం.

"సార్, మంట మీకు యూసీ ఇస్తుందా?"

"ఎందుకియ్యది? ఇచ్చిందంతా పూర్తిగ వాడుకుంటది. మిగులు ఉండదు, సరెండర్ ఉండదు. అంతకన్న మంచి యూసీ ఎవలిస్తరు?"

ఇంతకు ముందు గ్రాంట్లు లేవా అంటే ఉన్నాయి. 13వ ఆర్థిక సంఘం తన 2010-15 కాలంలో పట్టణ స్థానిక సంస్థలకు పనితీరు గ్రాంటు ఇచ్చింది. దానికి తొమ్మిది షరతులు. అందులో ఒకటి, పది లక్షల జనాభా దాటిన ప్రతి నగరానికీ అగ్నిప్రమాదాలను ఎదుర్కొనే ప్రణాళిక ఉండాలని. మంచిదే. మరి ఉందని రుజువేమిటి? ఆ ప్రణాళికను రాష్ట్ర గెజెట్‌లో అచ్చువేస్తే చాలు, షరతు తీరినట్టే. నాకు ఇది మహా ముచ్చటేసింది. మంట వస్తుంది, గెజెట్ తెరుస్తుంది, తన పేరు చూసుకుంటుంది, సిగ్గుపడి వెనక్కి వెళ్లిపోతుంది.

ఇటు కాగితం వేగం ఇలా ఉంటే అటు మంట వేగానికీ ఒక లెక్క రాసి పెట్టారు. స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కమిటీ అని 1955లో ఏర్పాటైంది. దాని లెక్క ప్రకారం నగరంలో ఫైరింజన్ మూడు నుంచి ఐదు నిమిషాల్లో చేరాలి, పల్లెలో ఇరవై నిమిషాల్లో. నగరంలో ప్రతి పది చదరపు కిలోమీటర్లకు ఒక ఫైర్ స్టేషన్ ఉండాలి. పాత జీహెచ్ఎంసీ సుమారు 650 చదరపు కిలోమీటర్లు కదా, అంటే అరవై ఐదు స్టేషన్లు. ఎన్ని ఉన్నాయో మీరే బండి వేసుకుని లెక్కపెట్టుకోండి, రెండు చేతుల వేళ్లు, రెండు కాళ్ల వేళ్లు ఎంతవరకు సరిపోతాయో చూడండి. మా సందుకు గౌలిగూడ నుంచి రావాలన్నా, మలక్‌పేట నుంచి రావాలన్నా, ముషీరాబాద్ నుంచి రావాలన్నా సాయంత్రం ఆరింటికి మూడు నిమిషాల్లో వచ్చేది హారన్ మోత ఒక్కటే.

భారతంలో ఖాండవం తగలబడినప్పుడు ఇంద్రుడు ఇండెంట్ పెట్టకుండానే మేఘాలు తోలుకొచ్చాడు. అర్జునుడు బాణాలతో కప్పు వేసి ఆ వానను ఆపాడు. మన నగరంలో అర్జునుడి పని కరెంటు తీగలు, కేబుల్ చుట్టలు, సందు మొదట్లో అడ్డంగా నిలిపిన కార్లు చేస్తున్నాయి. గాండీవం కూడా అక్కర్లేదు.

రాజ్యాంగం సంగతి మరో తమాషా. 12వ షెడ్యూలులో ఏడో అంశం ఫైర్ సర్వీసులు. అంటే అది మునిసిపాలిటీల పని. మన దగ్గర ఆ శాఖ హోం శాఖ కింద ఉంది. చెట్టు కూలినా, నాలా పొంగినా చూసుకోవడానికి 2024 జూలైలో హైడ్రా పుట్టింది, అది పురపాలక శాఖ కింద. కాబట్టి నాలా పక్క చెట్టు కరెంటు తీగ మీద పడి అంటుకుంటే ముందు ఎవరికి ఫోన్ చేయాలో చెప్పే పరీక్ష ఒకటి పెట్టి, పాసైనవాళ్లకే నగరంలో ఇల్లు అద్దెకివ్వాలి.

అమెరికాలో ఉండే మా మేనల్లుడికి ఇదంతా చెప్పి నవ్వుదామనుకున్నాను. వాడు నవ్వలేదు. అక్కడా ఇదే తంతు మామయ్యా అన్నాడు. వాళ్ల ఊళ్లో ఫైర్ స్టేషన్ నడిపేది జీతంలేని వాలంటీర్లు. 2001 నుంచి అక్కడి కేంద్రం ఫైర్‌మన్లకు గ్రాంట్లు ఇస్తోంది, ఊళ్లు పోటీపడి అర్జీలు పెట్టుకుంటాయి, అర్జీలు రాసిపెట్టడమే వృత్తిగా బతికేవాళ్లున్నారు. అయితే రెండు తేడాలున్నాయి. ఇరవై వేల లోపు జనాభా ఊరైతే తన వాటా ఐదు శాతమే. రెండోది, ఆ అర్జీలు చదివి మార్కులు వేసేవాళ్లలో ఫైర్ సర్వీసువాళ్లే ఉంటారు. గొట్టం పట్టిన చెయ్యే కాగితమూ పడుతుంది. ఈ మాట సార్‌కు చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ముప్పై ఒక్క ఏళ్లలో తన టేబుల్ మీదికి వచ్చిన ఏ సామాన్ల జాబితానూ ఆ సామాను వాడేవాడితో కూర్చుని చదవలేదట.

సామాన్ల జాబితా అంటే మా కాచిగూడవాళ్లకు ఒక రోజు గుర్తొస్తుంది. 2019 నవంబరు 11. మా స్టేషన్ నిజాం రైల్వే కాలంలో, 1916లో కట్టింది. ఆ గుమ్మటాల ముందు ఫొటోలు దిగుతాం, వానొస్తే ఆ వసారాలో నిలబడతాం. ఆ ఉదయం పదిన్నర ప్రాంతంలో ఎంఎంటీఎస్ రైలు వెళ్లి హంద్రీ ఎక్స్‌ప్రెస్‌ను గుద్దుకుంది. ఎంఎంటీఎస్ నడిపే లోకో పైలట్ నుజ్జయిన క్యాబిన్‌లో ఇరుక్కుపోయాడు. డాక్టర్లు అక్కడికే వెళ్లి సెలైన్ పెట్టారు, ఆక్సిజన్ పెట్టారు. ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు ఇనుమును కోస్తూ పోయారు. ఆయన్ని బయటికి తీసేసరికి చీకటి పడింది, సుమారు ఎనిమిది గంటలు. కొద్దిరోజులకు ఆసుపత్రిలో కన్నుమూశాడు. కట్టర్, స్ప్రెడర్, జాక్ అనే మాటలు ఆ రోజు వరకు మాకు తెలియవు. అవి గ్రాంటు ప్రతిపాదనలో అనుబంధం అడుగున, సంఖ్య, ధర, మొత్తం అనే మూడు గళ్లలో ఉంటాయి.

ఇంత కథా విన్నాక సార్‌ను ఒక్కటే అడిగాను. దరఖాస్తు లేకుండా, వాటా లేకుండా, యూసీ లేకుండా, మార్చి 31 లేకుండా వచ్చే ఫైర్ గ్రాంటు ఏదైనా ఉందా?

"ఎందుకు లేదు? ఎక్స్‌గ్రేషియా."

నేను చాయ్ కప్పు కింద పెట్టాను. ఆయన హేళనగా అనలేదు, రూలు చెప్పినట్టే చెప్పారు. 2022 మార్చి 23న బోయిగూడ తుక్కు గోదాములో బిహార్ కూలీలు పదకొండుమంది నిద్రలోనే పోయారు. అదే రోజు రాష్ట్రం తలకు 5 లక్షలు, కేంద్రం 2 లక్షలు ప్రకటించాయి. 2023 మార్చి 16 రాత్రి స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు, ఉద్యోగాలకు వచ్చిన యువతీయువకులు. అప్పుడూ అదే 5, అదే 2. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఒకే ఇంట్లో పదిహేడుమంది, అందులో ఎనిమిదిమంది పసివాళ్లు. మళ్లీ 5, మళ్లీ 2. ఏళ్లు మారాయి, ఆ రేటు మారలేదు. డీపీఆర్ ఎవరూ అడగలేదు. కన్సల్టెంటు అక్కర్లేదు. ఇరవై ఏడు నెలలు పట్టలేదు, సాయంత్రం వార్తలకు అందింది.

"కానీ తమ్మీ," అన్నారు సార్, "దానికి కూడ వారసుల సర్టిఫికెట్ పెట్టాలె. జిరాక్సులు మూడు."

తిరిగొచ్చాక నా చిత్తుప్రతి చించి, సంఘానికి ఇంకోటి రాశాను. కేంద్రం సంగతి వదిలేయండి, ఇంటికింత వేసుకుని సిలిండర్లు నింపించుకుందాం అని. ఇరవై నాలుగు ఇళ్లు. తీర్మానం ఏకగ్రీవం, చందా మాత్రం పదకొండు ఇళ్ల నుంచి వచ్చింది. రెండో అంతస్తు ఒకాయన, తాను కింద అంతస్తుల్లో ఉంటాడు కనుక దూకేయగలడని, అందుకని సగమే ఇస్తానని వాదించాడు. గణేశ్ మండపం పద్దు నుంచి కొంత సర్దుదామని ఒకరు, దేవుడి డబ్బు నిప్పుకు ఎలా వాడతామని ఇంకొకరు. కోశాధికారి గారు మూడు కొటేషన్లు తెమ్మన్నారు. ఈ మనిషి ఎక్కడ నేర్చుకున్నాడో అనుకున్నాను గానీ, ఐదో అంతస్తు వైపు చూసి ఊరుకున్నాను.

నిన్న సిలిండర్లు నింపే కుర్రాడు బైక్ మీద వచ్చాడు. మేకు నుంచి ఒక్కోటి దించి, ఊపి చూసి, చీటీ మీద దుమ్ము తుడిచాడు. పిల్లి కూనలున్న బకెట్ దగ్గర ఒక్క క్షణం ఆగి ముద్దు కూడా చేశాడు. తర్వాత సంచిలోంచి కొత్త చీటీల కట్ట తీసి చాలా మర్యాదగా అడిగాడు.

"నింపి చీటీ వెయ్యాలా సార్, చీటీ మాత్రం వెయ్యాలా? రేటు వేరే ఉంటది."

నేను నోరు తెరిచేలోగా కోశాధికారి గారు ముందుకొచ్చారు.

"చీటీకి బిల్లిస్తవా?"