పచ్చరంగు పురోగతి

విద్యాశాఖ వల్ల సమాజం ఎంత బాగుపడిందో కొలవడం ఎలా? ఈ ప్రశ్నకు ఆంధ్రప్రదేశ్‌లో ఆ మధ్య కొన్నేళ్ళపాటు దొరికిన జవాబు మరుగుదొడ్డి ఫొటో. హెచ్ఎం గారో, ఆయనకు వీలుకాకపోతే లెక్కల మాస్టారో, ఫోను పట్టుకుని ఒక్కో గది తలుపూ తీసి, నేలా గోడా రెండూ పడేలా క్లిక్కుమనిపించి యాప్‌లోకి ఎక్కించాలి. ఎక్కితే పైన ఎక్కడో డ్యాష్‌బోర్డులో ఒక గడి పచ్చబడుతుంది. ఎక్కకపోతే ఎర్రబడుతుంది, సాయంత్రానికి ఎంఈవో గారి కళ్ళు కూడా ఎర్రబడతాయి. ఆ గదికి నీళ్ళొస్తున్నాయా, లోపల గడియ పడుతుందా, ఎనిమిదో తరగతి ఆడపిల్ల అక్కడికి బెదురు లేకుండా వెళ్ళగలదా? ఇవి ఫొటోలో పడవు కాబట్టి లేనట్టే లెక్క. 2024లో ప్రభుత్వం మారాక ఈ ఫొటోల పని తీసేశారు. పని పోయింది గాని, అది నేర్పిన విద్య మాత్రం శాఖను వదిలిపోలేదు.

బడి చేసే ప్రతి మంచిపనికీ ఒక యాప్ ఉంది, లేదంటే ఏదో యాప్‌లో ఒక గడి ఉంది. గుడ్డు పెట్టారా, నమోదు. చిక్కీ ఇచ్చారా, నమోదు. 2022 ఆగస్టులో మాస్టారు బడికొచ్చారో లేదో ఆయన ముఖమే ఫోనుకు సాక్ష్యం చెప్పాలన్న ఏర్పాటూ వచ్చింది. గుడ్డు పిల్లవాడి ఒంటికి పట్టిందా అన్నదానికి గడి లేదు. ఆ గుడ్డు ఉడికించిన వంటమనిషికి నెలకిచ్చేది మూడు వేలు; అదీ ఏ నెలది ఏ నెలలో చేతికొచ్చిందో చూపే గడి అసలే ఉండదు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుతో సంబంధం లేని పని టీచర్లకు చెప్పకూడదు. 2020 మే నెలలో విశాఖ జిల్లాలో మద్యం దుకాణాల ముందు వరసలు సర్దే డ్యూటీ టీచర్లకే వేశారు. విపత్తు సహాయం కింద రాసుకుని ఉంటారు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: మనిషికీ మనిషికీ ఎడం ఉండాలన్న ఆనాటి సామాజిక లక్ష్యం కోసం శాఖ అంత ప్రత్యక్షంగా పాటుపడిన సందర్భం మరొకటి లేదు.

ఇక పిల్లలందరూ బడిలో ఉండాలన్న లక్ష్యం. దాన్ని మనం చేరడం కాదు, దాటేశాం. శాఖలో జీఈఆర్ అని పిలుచుకునే స్థూల నమోదు నిష్పత్తి ప్రాథమిక స్థాయిలో దేశం మొత్తానికి 2021-22లో 103.4 శాతం. వంద మంది పిల్లలకు నూటమూడు మంది బడిలో ఉన్న దేశం మనది. హారంలో వేసింది 2011 జనాభా లెక్కలను ముందుకు సాగదీసిన అంచనా. లవంలో ఆ తరగతుల వయసు దాటినవాళ్ళూ, ఆ వయసు రానివాళ్ళూ అందరూ కలుస్తారు. ఆ లవానికీ ఈ హారానికీ మధ్య ఉన్న గీత మీద నిలబడి మనవాళ్ళు చాలా సభల్లో శాలువాలు కప్పించుకున్నారు. మరుసటి ఏడాది ఢిల్లీలో ఎవరికి పుట్టిందో ఈ దుర్బుద్ధి, మొత్తం అంకె మాకొద్దు, ఒక్కో పిల్లవాడి పేరు, ఆధార్ నంబరు ఇవ్వండి అన్నారు. అంతకుముందు 26.52 కోట్లున్న బడిపిల్లలు 2023-24 నాటికి 24.80 కోట్లయ్యారు. కోటీ డెబ్భై లక్షల పైచిలుకు తేడా. లెక్కించే పద్ధతే మారింది గనక పాత అంకెలతో పోల్చకూడదని కేంద్రం వివరణ. సరే, పోల్చం. వీళ్ళలో రెండు చోట్ల రాసిన పేర్లెన్ని, అసలు లేని పిల్లలెందరు, ఉండి కూడా చదువు మానేసినవాళ్ళెందరు అన్నది విడదీసి చెబితే చాలు.

ఒక బడి నుంచి పేరు తీసేసి ఇంకో బడిలో చేరని పిల్లల్ని కంప్యూటర్‌లో పెట్టే చోటు ఒకటుంది, డ్రాప్ బాక్స్ అంటారు. సమీక్షలో ఎంఈవో అడిగేది ఆ డబ్బా ఖాళీ చేశారా అని. డబ్బాలోంచి తీసిన పిల్ల మిర్చి కోతకు పోయిందా, అత్తారింటికి పోయిందా, ప్రైవేటు బడికి పోయిందా అని అడిగే తీరిక వెబెక్స్ మీటింగులో ఎవరికుంటుంది? డబ్బా సున్నా అయిందంటే రాష్ట్రంలో బడి మానేసినవాళ్ళు సున్నా.

పదో తరగతి ఫలితాలు శాఖకు సంక్రాంతి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 94.88 శాతం పాసయ్యారు. కరోనా వల్ల పరీక్షే పెట్టని 2020లో, 2021లో నూటికి నూరు. పరీక్ష పెట్టిన 2022లో 67.26. దీన్నిబట్టి శాఖ అత్యుత్తమ ఫలితాలు సాధించేది పరీక్ష పెట్టనప్పుడేనని తేలుతోంది, ఆ దిశగా ఎవరూ ఎందుకు ఆలోచించరో! ఈ శాతాల్లో ఇంకో కిటుకుంది. అది పరీక్షకు హాజరైనవాళ్ళలో పాసైనవాళ్ళ శాతం. తొమ్మిదిలో చదువు మాన్పించిన పిల్ల పాసూ కాదు, ఫెయిలూ కాదు. బలహీనంగా చదివే పిల్ల ఎంత ముందుగా మానేస్తే ఆ బడి శాతం అంత బాగుంటుంది.

కేంద్రం కూడా రాష్ట్రాలకు మార్కులు వేస్తుంది. పెర్ఫార్మెన్స్ గ్రేడింగ్ ఇండెక్స్ అని 73 సూచికలు, 1000 మార్కులు. పిల్లలు ఏం నేర్చుకున్నారన్నదానికి అందులో 240. గ్రేడ్లు పది: పైన దక్ష్, ఉత్కర్ష్, కింద ప్రచేష్ట, ఆకాంక్షి. అట్టడుగున పడ్డా మనం వెనకబడినట్టు కాదు, ఆకాంక్షిస్తున్నట్టు. 2021-22లో దేశంలో అందరికంటే ముందున్న పంజాబ్, చండీగఢ్ చేరింది ఆరో గ్రేడుకు. పైనున్న అయిదు గ్రేడ్లూ ఖాళీ. పోస్టులు ఖాళీగా పెట్టడం అలవాటైన శాఖకు గ్రేడ్లు ఖాళీగా ఉండటం పెద్ద విడ్డూరం కాదులెండి.

ఇంత సరంజామా లేకుండా అసర్ సర్వేవాళ్ళు ఒకే ఒక కాగితం పట్టుకుని పల్లెటూళ్ళో ఇంటికెళ్ళి, పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ఇది చదువమ్మా అంటారు. దేశంలోని పల్లెటూళ్ళలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 2022లో 20.5 శాతం, 2024లో 27.1 శాతం. దాదాపు అయిదుగురిలో నలుగురు చదవలేని స్థితి నుంచి నలుగురిలో ఒకరు దాటి చదవగలిగే స్థితికి వచ్చామని దీన్నీ పచ్చరంగులో చూపే ప్రజ్ఞావంతులు శాఖలో లేకపోలేదు.

పెద్దవాళ్ళ సంగతికొస్తే 2017-18 జాతీయ గణాంక సర్వేలో ఏడేళ్ళు, ఆపై వయసువాళ్ళ అక్షరాస్యత ఆంధ్రప్రదేశ్‌లో 66.4 శాతం. అదే సర్వేలో బిహార్ 70.9. ఇప్పుడు మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెట్టి, తల్లి చేతికి హోలిస్టిక్ ప్రోగ్రెస్ కార్డు ఇస్తున్నారు. 2025 జులై 10న జరిగినదానికైతే గిన్నిస్ రికార్డును గురిపెట్టారు. తల్లుల్ని బడికి పిలవడం మంచిదే, పిలవాల్సిందే. వచ్చిన తల్లుల్లో ఆ కార్డును కూడబలుక్కోకుండా చదవగలిగినవాళ్ళెందరు అన్నది గిన్నిస్‌వాళ్ళు అడగలేదు గనక శాఖా అడగలేదు.

సామాజిక లక్ష్యాన్ని కొలవడం మనకు చేతకాక కాదు. విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖ జిల్లాలో శుల్కం తీసుకుని చేసిన పెళ్ళిళ్ళ జాబితా ఒకటి రాయించాడు. గురజాడ ఆ అంకెల్ని 1897 నాటి కన్యాశుల్కం ముందుమాటలో పెట్టాడు. మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు. అయిదేళ్ళకే పెళ్ళయిన పిల్లలు 99 మంది, నాలుగేళ్ళకు 44, మూడేళ్ళకు 36, రెండేళ్ళకు ఆరుగురు, ఏడాది వయసులో ముగ్గురు. ఈ జాబితా సంపూర్ణం కాదని కూడా చెప్పాడు. యాప్ లేదు, జియో ట్యాగ్ లేదు, రంగుల్లేవు. ఏ వయసు పిల్లకు ఏం జరిగిందో ఉంది. సిగ్గుపడాల్సిన అంకెను దాచకుండా పుస్తకం మొదట్లోనే వేశాడాయన. ఇవాళ్టి నివేదికలో అయితే 1,034 పెళ్ళిళ్ళ మీద 1,034 అవగాహన సదస్సులు నిర్వహించినట్టు ఫొటోలతో సహా వచ్చేది.

నూట ఇరవై ఏళ్ళు దాటాక చేసిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ళ మధ్య వయసు స్త్రీలలో పద్ధెనిమిది నిండకుండా పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5, దేశం మొత్తంలో 23.3. ఈ అంకె చెప్పింది ఆరోగ్య శాఖ సర్వే. ఆ పిల్లలు రోజూ హాజరు పలికిన బడి మాత్రం చెప్పలేదు. పెళ్ళి మాట ఊళ్ళో అందరికంటే ముందు తెలిసేది క్లాస్ టీచరుకు. ముందు రెండ్రోజులు రాదు, తర్వాత వారం రాదు, తర్వాత ఎవరో వచ్చి టీసీ అడుగుతారు. ఆవిడకు ఆ రోజు అప్‌లోడ్ చెయ్యాల్సిన ఫొటోలు బోలెడుంటాయి.

కొత్త యాప్ అక్కర్లేదు. చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్ళు ఉండాలి. మీరు అందులో ఉంటే వచ్చే సమావేశంలో సంతకం పెట్టేముందు హెచ్ఎం గారిని ఒక్క మాట అడగండి: పోయిన జూన్‌లో తొమ్మిదిలో ఉన్న ఆడపిల్లల్లో ఈ జూన్‌లో పదిలో లేనివాళ్ళు ఎవరెవరు, ఒక్కొక్కరూ ఎక్కడున్నారు? జవాబు పేర్లతో మినిట్స్ పుస్తకంలో రాయించండి. ఆ పేజీ రాశాకే సంతకం పెట్టండి.