పులి తల తిప్పిందెవరు? ఓ గేమ్‌ప్యాడ్ ఆత్మకథ

ఆత్మకథ అన్నాక ‘నేను’ అనే మొదలుపెట్టాలి. కానీ గేమ్‌ప్యాడ్ బతుకులో ఆ మాట మిగలదు. చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్లూ “నేను చచ్చా”, “నన్ను పులి తినేసింది” అంటూ దాన్ని పట్టుకుపోతారు. అందుకే ఈ కథలో చెప్పేదాని పేరు ‘ఇది’.

ఇది 2022 చివర్లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అమ్ముడైంది. నల్ల రంగు, వైరున్న రకం, ఎనిమిది వందల యాభై రూపాయలు. కొన్నది జనగామ నుంచి వచ్చిన ఇరవై మూడేళ్ల అమ్మాయి. మాదాపూర్‌లో ఓ చిన్న మొబైల్ గేముల ఆఫీసులో ప్రోగ్రామర్‌గా చేరి అప్పటికి నాలుగు నెలలు. మిఠాయిలు వరుసగా పేర్చే ఆటలో ‘కంటిన్యూ’ బటన్ ఏ రంగులో ఉంటే జనం ఎక్కువ నొక్కుతారో చూడటం పగటి పని. రాత్రి హాస్టల్ గదిలో సొంత ఆటలు. మూడు మొదలుపెట్టింది, మూడూ సగంలో ఆగాయి. ఈ రంగంలో కొత్తవాళ్ల ల్యాప్‌టాప్ తెరిస్తే అటక మీద సామాను చూసినట్టే ఉంటుంది.

ఒక్క ఆటైనా పూర్తి చేయించింది గ్లోబల్ గేమ్ జామ్. 2009లో 23 దేశాల్లో 53 చోట్ల మొదలైన ఈ జాతరలో ఏటా జనవరి ప్రాంతంలో అందరికీ ఒకే ఇతివృత్తం ఇస్తారు. సాధారణంగా నలభై ఎనిమిది గంటల్లో ఆట చేసి చూపించాలి. 2013లో మాటేమీ ఇవ్వలేదు, గుండె చప్పుడు వినిపించారు. అది విని లండన్ బృందం ఒకటి, చెప్పినమాట వినని వేళ్లతో గుండె మార్పిడి చేసే తింగరి ఆట తయారుచేసింది. ఆ వారాంతపు సరదాయే ‘సర్జన్ సిమ్యులేటర్’గా అమ్మకానికొచ్చింది. 2017 నార్డిక్ గేమ్ జామ్‌లో ఫిన్లాండ్‌కి చెందిన ఆర్వి టెయికారి చేసిన ‘బాబా ఈజ్ యు’ పూర్తి ఆటగా బయటికి రావడానికి మాత్రం రెండేళ్లు పట్టింది. జామ్‌లో పుట్టడం వేరు, బయటికి రావడం వేరు.

2023 ఇతివృత్తం ‘రూట్స్’. హైదరాబాద్‌లో ఓ కాలేజీ ల్యాబులో కూర్చున్నవాళ్లలో సగంమంది వెంటనే చెట్లు గీయడం మొదలుపెట్టారు. ఈ అమ్మాయికి అరుగు మీద తాత సుద్దముక్కతో గీసే మేకపులి ఆట పటం గుర్తొచ్చింది. రాత్రి పదకొండింటికి ఫోన్ కొట్టింది.

“తాతా, మేకపులిల పులులు మూడేనా?”

“మూడే బిడ్డా. మేకలు పదిహేను. గిప్పుడెందుకు, అన్నం తిన్నవా?”

“తిన్న. పులి ఎట్ల దుంకుతది?”

“గీత మీదనే దుంకాలె, అవతలి సుక్క ఖాళీ ఉంటెనే. అడ్డగోలుగ పోతే అది పులి గాదు, కుక్క.”

ఆ పటంలో 23 చుక్కలు. పైన కొండకొమ్ములా ఒకే చుక్క. అక్కడి నుంచి నాలుగు గీతలు కిందికి విచ్చుకుంటాయి. బండ మీద గవ్వ జరిపేటప్పుడు ఏ గీతో ఎవరికీ సందేహం రాదు. ఈ గేమ్‌ప్యాడ్ స్టిక్‌కి మాత్రం ఆ నాలుగు దారులూ దాదాపు ఒక్కటే. బొటనవేలు రవ్వంత ఒరిగితే చాలు, పులి పక్క గీత ఎక్కేసేది. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి ఆమె ఆ పద్ధతి మొత్తం తీసేసింది. స్టిక్‌ని పక్కకి తోస్తే వెళ్లగల చుక్కలు ఒక్కొక్కటే వెలుగుతాయి, పులి అటు తల తిప్పుతుంది, బటన్ నొక్కితే దూకుతుంది. ఆటలో ఇప్పటికీ ఉన్నది అదే.

అంతకంటే ఎక్కువ ఏడిపించింది తెలుగు. ఆట తయారీకి ఆమె వాడింది గోడో ఇంజిన్. అర్జెంటీనాలో హువాన్ లినియెట్‌స్కీ, ఆరియెల్ మంజుర్ తయారుచేసి 2014లో కోడుతో సహా అందరికీ ఉచితంగా వదిలేసినది. దాని మూడో వెర్షన్‌కి ఒత్తులు, గుణింతాలు కలిపి పేర్చడం రాదు. ‘కట్టేశావ్’ అని కొడితే రెండు టకారాలూ, మధ్యలో పొల్లూ, బంతిలో కూర్చున్నట్టు పక్కపక్కనే కూర్చున్నాయి. గత్యంతరం లేక ప్రతి తెలుగు మాటనీ బొమ్మగా గీసి అతికించి జామ్ గట్టెక్కింది. నెల తిరక్కుండానే, మార్చి 1న, నాలుగో వెర్షన్ వచ్చింది. అందులో అక్షరాల పేర్పుని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చూసుకుంటుంది. సిలికానాంధ్ర ఉచితంగా అందించిన ‘మండలి’ ఫాంట్ పెట్టి ఆమె అదే మాట మళ్లీ కొట్టింది. ఒత్తు బుద్ధిగా కిందికి దిగింది. గదిలో ఒక్కతే చప్పట్లు కొట్టింది. ఒళ్లో ఉన్న ఇది కిందపడింది.

సెప్టెంబరు 12న మరో గేమ్ ఇంజిన్ యూనిటీని నడిపే సంస్థ కొత్త రుసుము ప్రకటించింది. ఒక స్థాయి దాటిన ఆటలకి ఇన్‌స్టాల్‌కి ఇంత అని. ఆఫీసులో టీ బ్రేకులు గంటలకొద్దీ సాగాయి. ఏడాది తిరిగాక సంస్థే దాన్ని రద్దు చేసుకుంది. ఆ గొడవలో ఆమె నోరు విప్పలేదు. కొత్తగా చేరినవాళ్లు విప్పరు. రాత్రికి గోడో తెరిచింది, అంతే.

ఆ నవంబరులో హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్. స్టాల్ తీసుకునే స్తోమత లేదు. సంచిలో ల్యాప్‌టాప్, పైన ఇది. కాఫీ బల్లల దగ్గర ప్లగ్గు ఉన్న మూల చూసుకుని తివాచీ మీదే కూర్చుంది. మొదటి మనిషికి నియమాలు రెండు నిమిషాలు వివరించింది. ఆయన మర్యాదగా తలూపి వెళ్లిపోయాడు. రెండో మనిషికి ఒక్క మాటా చెప్పకుండా గేమ్‌ప్యాడ్ చేతికిచ్చింది. ఆయన ఇరవై నిమిషాలు లేవలేదు.

మొహాలు అబద్ధమాడతాయి గానీ చేతులు ఆడవు. కన్సోల్ మీద పెరిగినవాళ్ల చూపుడువేళ్లు కూర్చోగానే ట్రిగ్గర్లు వెతుక్కుంటాయి. ఫోన్ మీద పెరిగిన పిల్లలు దీన్ని ఒళ్లో పెట్టుకుని తెరనే పొడుస్తారు. పబ్లిషర్ తరఫున వచ్చిన ఒకాయన కుడిచేత్తో ఫోన్ చూసుకుంటూ ఎడంచేత్తో ఆడి ఐదు మేకల్ని పోగొట్టుకుని, “మార్కెట్ ఉందా దీనికి?” అన్నాడు. హైదరాబాద్‌లోనే ఓగర్ హెడ్ స్టూడియో చేసిన ‘అసుర’ 2017లో పీసీ మీదికి వచ్చిందని ఆమె చెప్పబోయింది. ఆయన అప్పటికే లేచాడు.

అన్ని చేతులు పడితే ఏమవుతుంది? స్టిక్ కింద కార్బన్ పూత ఉన్న పలుచని పట్టీ, దాని మీద రాసుకుంటూ తిరిగే లోహపు ముక్క ఉంటాయి. పూత అరిగేకొద్దీ ఎవరూ తాకకపోయినా ‘కొంచెం ఎడమకి’ అని కబురు వెళ్తుంటుంది. డ్రిఫ్ట్ అంటారు. రెండో రోజు మధ్యాహ్నం దీనికి అదే పట్టుకుంది. దీన్ని బల్ల మీద పెట్టి ఓ పెద్దాయన గడ్డం నిమురుకుంటూ ఆలోచిస్తున్నాడు. తెర మీద కొమ్ము చివరనున్న పులి ఒక్కో గీత వైపూ మెల్లగా తల తిప్పింది.

“అమ్మా, అలా చూస్తూ కాచుకునుండటం భలే పెట్టావు. భయమేసింది.”

“థాంక్యూ సార్,” అంది ఆమె. నోట్‌బుక్‌లో రాసుకుంది కూడా: పులి తల, బాగుందన్నారు.

రాత్రి కోడంతా వెతికింది. అలాంటిదేదీ తను రాయలేదు. రెండు రాత్రులు తనని తాను తిట్టుకున్నాక, స్టిక్ పంపే అంకెని తెర మీదే రాయించింది. సున్నా ఉండాల్సిన చోట 0.23. దీని వైపు చాలాసేపు అలాగే చూసింది. చిన్న కదలికల్ని పట్టించుకోని డెడ్‌జోన్‌ని 0.2 నుంచి 0.35కి పెంచింది. జబ్బు కుదిరింది, పులి రాయైపోయింది. పెద్దాయన మాట గుర్తొచ్చి మళ్లీ కూర్చుంది. ఆడేవాళ్లు ఆరు సెకన్లు కదలకపోతే పులి తల తిప్పేలా పంతొమ్మిది లైన్లు రాసింది. ఆ పంతొమ్మిదీ తనవేనని దీని నమ్మకం. ఆట చివర వచ్చే పేర్లలో మాత్రం దీని ఊసు లేదు.

2024 మార్చిలో టొరంటోకి చెందిన విసాయ్ గేమ్స్ వారి ‘వెన్బా’కి ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్ పెద్ద బహుమతి వచ్చింది. కెనడాలో ఓ తమిళ అమ్మ ఇడ్లీలతో మొదలయ్యే ఆట. ఆ వార్త చూసిన రాత్రే ఆమె తన ఆటకి పెట్టుకున్న ‘టైగర్ ట్రాప్’ పేరు కొట్టేసి ‘మేకపులి’ అని రాసింది. తర్వాత ఆన్‌లైన్‌లో ఆటలమ్మే స్టీమ్‌కి వంద డాలర్లు కట్టడానికి మూడు నెలలు బయటి తిండి మానేసింది.

2025లో కాన్ఫరెన్స్ చెన్నైలో. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ పై బెర్తులో సంచి, సంచిలో ఈసారి రెండు గేమ్‌ప్యాడ్‌లు. కొత్తదానిలో రాపిడి లేని హాల్ సెన్సర్లు, అయస్కాంతాల పని. పులుల పక్షం దానికిచ్చారు. మేకల పక్షం దీనిది.

దీన్ని ఓ పదేళ్ల పిల్లాడు అందుకున్నాడు. తెర మీది తెలుగు వాడికి రాదు. పటం కనబడగానే “ఆడు పులి ఆట్టం!” అని అరిచి, ఎవరూ చెప్పకుండానే మొదటి మేకని పులికి అందని అంచు చుక్కలో పెట్టాడు. ఎదురుగా కొత్త గేమ్‌ప్యాడ్ పట్టుకున్న వాళ్ల నాన్న ఎటు దూకాలో తేల్చుకోలేక ఆగాడు. ఆరు సెకన్లు గడిచాయి. కొమ్ము చివరనున్న పులి మెల్లగా ఎడమకి తల తిప్పింది.