పెరటి గోడకు చేరబడిన ద్వారబంధము

భద్రాచల ప్రాంతపు అడవులలో టేకు మ్రానుగా పుట్టి, తెప్పకట్టుగా గోదావరి వెంట రాజమహేంద్రవరము చేరి, వడ్రంగి బాడిసె దెబ్బలకు రూపు దిద్దుకొన్న ద్వారబంధమును నేను. నన్ను నిలిపిన శుభదినమున గడప క్రింద నవధాన్యములుంచి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టిరి. మూడు తరముల కోడండ్రు కుడికాలు మోపి ఇంట ప్రవేశించినది నన్ను దాటియే.

2021వ సంవత్సరమున, పదవీ విరమణ చేసిన బడిపంతులైన ఈ యింటి మనుమడు, పెంకుటింటి ముందు భాగమును తీయించి స్లాబు వేయింప సంకల్పించెను. బేరము 6 లక్షలకు కుదిరినది. కాగితము వ్రాసికొందమని ఆయన అనగా కంట్రాక్టరు నొచ్చుకొని, "మాట మీద నమ్మకం లేదా మాస్టారూ? నాలుగు నెలల్లో గృహప్రవేశం చేయించే పూచీ నాది" అనెను. మాస్టారు మొగమాటపడి మిన్నకుండెను.

గునపములతో నన్ను పెకలించి పెరటి గోడకు చేరవేసిరి. స్తంభములు లేచినవి, గోడలు తల యెత్తు వరకు వచ్చినవి, విడతల వారీగా నాలుగున్నర లక్షలు చేతులు మారినవి. అంతట పని ఆగిపోయినది. స్తంభములపై నిక్కిన కమ్మీలు రెండు వర్షర్తువులు తడిసి, ఎఱ్ఱని త్రుప్పుచారలను కాంక్రీటుపై దిగజార్చినవి. సొమ్ము తీసికొని మొగము చాటువేసెనని మాస్టారి ఆవేదన. మెట్లు తూర్పునకు మార్పించి, పూజగది అదనముగా కట్టించి, ఆ కూలి మాట యెత్తలేదనియు, ఇసుక, సిమెంటు ధరలు పెరిగినవనియు కంట్రాక్టరు ఆక్రోశము. పెరటి నుండి ఇరువురినీ వినిన నాకు తెలిసినంతలో ఎవ్వరును కల్లలాడలేదు. పలుకక విడిచిన విషయములకు ఎవరి జ్ఞాపకమును వారు సాక్ష్యముగా నిలుపుకొనిరి.

గృహనిర్మాణము సైతము సేవయే యని 1993లో వినియోగదారుల చట్టమునకు సవరణ వచ్చినది. లక్నో అభివృద్ధి సంస్థ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ యేడే ఆ సూత్రమును స్థిరపరచినది. కనుక మాస్టారు, 2019 నాటి చట్టము విధించిన రెండేండ్ల గడువు దాటకమునుపే, జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు దాఖలు చేసెను. చెల్లించిన ప్రతిఫలము 5 లక్షలు మించనందున రుసుము అక్కరలేకపోయినది. పరీక్షలు అవసరము కాని ఫిర్యాదును మూడు నెలలలో, అవసరమైనదానిని ఐదు నెలలలో తేల్చవలెనని చట్టము ఆశించినను, మా ఫిర్యాదుకు ఏడాది దాటినది.

ఒకనాడు కమిషను పంపిన అడ్వకేటు కమిషనరు ఇంజనీరును వెంటబెట్టుకొని వచ్చి, టేపు పట్టి గోడ గోడను కొలిపించి, ఇరుపక్షముల యెదుటనే అంకెలు వ్రాసికొనెను. జరిగిన పని 2,80,000 రూపాయలు. అదనపు పని 40,000. రెండును మినహాయించి, మిగిలిన 1,30,000 వడ్డీతో తిరిగి యిమ్మని కమిషను ఆదేశించినది. ఆ కొలతలు మొదటినుండియు పుస్తకమున ఎక్కుచుండినచో ఈ యిద్దరు శత్రువులు కాకుందురు గదా యని నేను పరితపించితిని.

ఈలోపల నా యెడమ కాలి మొదలును చెదలు తినివేసినవి. వడ్రంగి జానెడు మేర కోసి క్రొత్త టేకుముక్కను అతికి, ఆ అతుకుపై అరచేయి త్రిప్పి చూచెను. క్రొత్త మేస్త్రితో ఈసారి కాగితము వ్రాసికొనిరి: స్లాబుకు ఇంత, పూతకు ఇంత, పని ముగిసిన పిదపనే ఆ విడత సొమ్ము, మార్పు ఏదైనను ఖరీదుతో వ్రాసి ఇరువురు సంతకము చేయవలెను. సంతకములైన కాగితపు నాలుగు మూలలను మాస్టారి యిల్లాలు పసుపుతో తడిపి, దేవుని యెదుట నుంచి, ఆ పసుపు చేతితోనే పెరటిలోనికి వచ్చి నా గడపకు పూసినది.