పాస్‌వర్డ్‌లో కేరాఫ్

మూడు నెలలకోసారి మా ఆఫీసు కంప్యూటరు పాస్‌వర్డ్ మార్చమంటుంది. పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, వీటికి తోడు ఒక స్పెషల్ క్యారెక్టరు. మన జనానికి స్పెషల్ క్యారెక్టరు అంటే @ ఒక్కటే. దాని వెనకాలే 123. ఈ సంగతి దొంగలందరికీ తెలుసు, తెలియనిది సెక్యూరిటీ టీముకే.

బ్రౌజరు ఆ పాస్‌వర్డ్‌ను కిక్కురుమనకుండా తీసుకుంటుంది. చిక్కంతా గిట్, పిప్, ఎన్‌పీఎం లాంటి ప్రోగ్రామర్ల పనిముట్ల దగ్గర. ఆఫీసు నుంచి బయటి ఇంటర్నెట్‌కు దారిచ్చే ప్రాక్సీ సర్వరు వివరాలన్నీ వాటికి ఒక్క లైనులో చెప్పాలి: యూజర్ పేరు, కోలన్, పాస్‌వర్డ్, @, సర్వరు పేరు, మళ్ళీ కోలన్, పోర్టు నంబరు. ఆ @ది ఉత్తరం మీద కేరాఫ్ చేసే పని. ఇటు మనిషి, అటు ఇల్లు. పాస్‌వర్డ్‌లోనే ఇంకో కేరాఫ్ దూరిందంటే పోస్ట్‌మ్యాన్ ఏ గడప తొక్కాలి? కొన్ని సాఫ్ట్‌వేర్లు చివరి @నే లెక్కలోకి తీసుకుని మనల్ని గట్టెక్కిస్తాయి. కొన్ని మొదటిదాని దగ్గరే ఆగి, లేని సర్వరు కోసం ఊరంతా వెతికి, దొరకలేదని మనమీదే విసుక్కుంటాయి. # ఇంకా ఘోరం. అడ్రసు అక్కడితో సరి అనుకుని మిగతాది కత్తిరించేస్తాయి.

మొన్న టీములో కొత్తగా చేరిన కుర్రాడు వచ్చాడు. "అన్నా, ప్రాక్సీ పడతలేదు. 407 అంటుంది." 407 అంటే నువ్వెవరో ముందు చెప్పు అని ప్రాక్సీ అడగడం. పాపం, వాడు చెబుతూనే ఉన్నాడు.

"@ తీసేసి %40 పెట్టు" అన్నాను. 2005లో టిమ్ బెర్నర్స్-లీ, రాయ్ ఫీల్డింగ్, లారీ మాసింటర్ కలిసి రాసిన ఇంటర్నెట్ ప్రమాణం ఆర్ఎఫ్‌సీ 3986లో ఉన్న పద్ధతే ఇది. అడ్రసులో ప్రత్యేకమైన పని ఉన్న గుర్తును మామూలు అక్షరంగా వాడాలంటే % పెట్టి దాని హెక్సాడెసిమల్ కోడు రాయాలి. #కు %23. పాస్‌వర్డ్‌లో %యే ఉంటే దానికి %25.

కుర్రాడు బుద్ధిమంతుడు, తీసుకెళ్ళి బ్యాచ్ ఫైల్లో పెట్టాడు. విండోస్ బ్యాచ్ ఫైల్లో %4 అంటే నాలుగో ఆర్గ్యుమెంటు. అది ఇవ్వలేదు కనుక గాలిలో కలిసిపోయి, %40లో 0 మిగిలింది. అక్కడ %ను రెండుసార్లు రాయాలట! సరేనని లినక్స్‌కు వెళ్ళాడు. పాస్‌వర్డ్ చివర ! ఉంది. డబుల్ కోట్స్ మధ్య అది కనబడగానే, పాత కమాండ్ ఏదో అడుగుతున్నాడనుకుని, అక్కడ కమాండ్లు అందుకునే బాష్ 'ఈవెంట్ నాట్ ఫౌండ్' అంది. సింగిల్ కోట్స్ పెట్టాక నోరు మూసుకుంది. మేవెన్ అనే ఇంకో పనిముట్టులో పాస్‌వర్డ్‌కు విడిగా చోటుంది కాబట్టి @ను @గానే రాయాలి. %40 అని రాస్తే అదే అసలు పాస్‌వర్డ్ అనుకుంటుంది. ఒకే పాస్‌వర్డ్‌కు ఇన్ని వేషాలు.

ఇవన్నీ సర్దేలోపు, ఏదో మూల మరిచిపోయిన సెట్టింగులో పాత పాస్‌వర్డ్ తలుపు కొడుతూనే ఉంటుంది. అకౌంటు లాక్. హెల్ప్‌డెస్కుకు టికెట్. కొత్త పాస్‌వర్డ్. అందులో మళ్ళీ @.

ఈ కోడులు బట్టీ రానివాళ్ళు చేసే పని చూస్తే గుండె ఆగుతుంది. గూగుల్‌లో దొరికిన ఏదో ఎన్‌కోడర్ సైటులో పాస్‌వర్డ్ తీసుకెళ్ళి అతికిస్తారు! దొంగ చేతికి చిక్కకూడదని పెట్టిన గుర్తు కోసం మొత్తం పాస్‌వర్డే ఊరూపేరూ తెలియనివాడి చేతిలో పెట్టడమన్నమాట. పోనీ ఇంత చేశాక అదేమైనా రహస్యంగా ఉంటుందా అంటే, సెట్టింగుల ఫైల్లో బట్టబయలు. %40ను వెనక్కి తిప్పి చదవడం ఎవరికైనా చిటికెలో పని.

ఈ గుర్తుల పిచ్చి లోకానికి పాకడంలో, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం 2003లో బిల్ బర్ రాసిన పత్రానిది పెద్ద పాత్ర. అందులో చాలావాటికి ఇప్పుడు చింతిస్తున్నానని ఆయనే 2017లో అన్నాడు. అదే ఏడాది నిస్ట్ కూడా గుర్తుల షరతు వద్దు, గడువు పెట్టి మార్పించడమూ వద్దని కొత్త సూచనలిచ్చింది. ఆ కబురు మా ఆఫీసుకింకా చేరలేదు.

సెక్యూరిటీ టీము వారికి మనవి. పాస్‌వర్డ్ ఎంత పొడుగు ఉండాలన్నా పెడతాం. స్పెషల్ క్యారెక్టరు లేనిదే కుదరదంటారా, హైఫన్, డాట్, అండర్‌స్కోర్, టిల్డా ఉన్నాయి. ఈ నాలుగింటినీ అడ్రసులో మార్చనక్కర్లేదని ఆ ఆర్ఎఫ్‌సీయే చెబుతోంది. వాటిలో ఒకటి చాలనండి.