జాగ్రత్తల మామ

ప్రతి ఊళ్లో ఒక జాగ్రత్తల మామ ఉంటాడు. మేళ్లచెరువు మామ సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర పనిచేసి రిటైరైనవాడు. వచ్చేపోయే లారీల కాగితాలు చూసి చూసి, అనుమానం ఆయనకు ఒంటికి పట్టేసింది.

ఫోన్‌లో డబ్బు కట్టేటప్పుడు చూడాలి ఆయన్ని. ముందు తలుపు గడియ పెడతాడు. తర్వాత తువ్వాల తలమీదుగా కప్పుకుని, ఆ చీకట్లో పిన్ కొడతాడు. కొట్టే ప్రతి అంకెనూ పైకి చదువుతాడు. వాకిట్లో కూరగాయలమ్మే ఆమెకు కూడా ఆ పిన్ నోటికొచ్చు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దన్నారు కదా అని, తాను కట్టే ప్రీమియానికి వచ్చిన ఓటీపీని కూడా గడిలో కొట్టడు. "దీనికెందుకు చెప్పాలె?" అని ఫోన్నే గద్దిస్తాడు. ఈలోగా దాని గడువు అయిపోతుంది.

శివరాత్రి జాతరలో ఎడ్ల పందేలు జరిగే ఊరు మాది. కోడెను కొనాలంటే మామ పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, అటూ ఇటూ నడిపిస్తాడు, అంతా అయ్యాక "ఎల్లుండొస్తా" అంటాడు. అదే మనిషి బండి ఇన్సూరెన్స్ కోసం వెతికి, అన్నిటికంటే పైన కనబడ్డ ప్రకటన నొక్కేస్తాడు. సైటు అడ్రసులో అక్షరం ఎక్కువుందో తక్కువుందో చూడడు. తాళం బొమ్మ ఉంటే ఆయనకు చాలు. ఆ తాళం మన వివరాలు దారిలో ఎవరికీ దొరక్కుండా చూస్తుందే గాని, అటు కొసన కూర్చున్నది దొంగో దొరో చెప్పదు.

మొన్న ఒక ఫోనొచ్చింది. "సార్, ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నాం సార్. మీ పాత పాలసీ మీద లక్షన్నర బోనస్ ఉంది సార్." హైదరాబాద్‌లో ఉన్న ఆ సంస్థ పని ఇన్సూరెన్స్ కంపెనీలను అదుపులో పెట్టడం. అది పాలసీలు అమ్మదు, బోనస్‌లు పంచదు. ఆ మాట ఏళ్లుగా చెబుతూనే ఉంది. అయినా గేటు దగ్గర జీవితమంతా "ఏయ్" అని పిలిపించుకున్న మనిషిని వరసగా మూడుసార్లు సార్ అంటే ఏం మిగులుతుంది? మామ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఈసారి తలుపు గడియ లేదు, తువ్వాల లేదు. "డబ్బు మీ ఖాతాలో పడాలంటే ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి సార్."

పొయ్యి దగ్గర్నుంచి అత్తయ్య అడిగింది: "వచ్చే పైసలకు పిన్ను ఎందుకయ్యా?"

యూపీఐలో పిన్ కొడితే డబ్బు పోవడమే గాని రావడం ఉండదు. అది ఏ శిక్షణా లేకుండా అత్తయ్యకు తట్టింది. తెల్లారేసరికి టీకొట్టు దగ్గర ఆ తెలివి మామది అయిపోయింది. "పైసలు పోతే ఎంబటే 1930కి కొట్టాలెరా, ఆలస్యం చేస్తే వాడు ఖాతాలు మార్చేస్తడు" అని ఇప్పుడు ఊరందరికీ పాఠం చెబుతున్నాడు. అందులో తప్పేం లేదు, మాట మంచిదే.

చిక్కల్లా బండి దగ్గర వచ్చింది. 2025 మార్చి నుంచి లైఫ్, హెల్త్ పాలసీలకు బీమా-ఆస్బా అని ఒక పద్ధతి తెచ్చారు. కంపెనీ పాలసీ ఇవ్వడానికి ఒప్పుకునేదాకా ప్రీమియం మన ఖాతాలోనే ఆగి ఉంటుంది. మామకు అది తెగ నచ్చింది. "బండికి గూడ అది రానీ, అప్పుడు కడత" అన్నాడు. ఈలోపు బండి ఇన్సూరెన్స్ గడువు దాటింది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా రోడ్డెక్కితే మొదటిసారికి 2,000 రూపాయల జరిమానా. కోదాడలో పోలీసులు ఆపి, ఫొటో తీసుకుని పంపారు. సాయంత్రానికి చలానా మెసేజ్ వచ్చింది.

మామ దాన్ని పెద్దది చేసి చూశాడు. తన బండి, తన నంబరు, తన మొహం.

"పోలీసులు నిజమోళ్లేరా, ఈ మెసేజే దొంగది! చూసినవా, నా ఫొటో గూడ సంపాదించిండ్రు" అంటూ 1930కి ఫోన్ కొట్టాడు.